ఊతకర్ర

దొసిందా ఆ మొక్కని బస్సులో తెచ్చింది,
పొంతెవెద్రా సంత నుంచి, ఒళ్లో పెట్టుకుని.
పిల్లాడికి టికెట్ ఏదని అడిగాడట డ్రైవరు.
మూరెడు పొడవు. మెరిసే ఆకులు నలభయ్యో యాభయ్యో.
కొమ్మలన్నీ కిందికే.
"చచ్చిపోతోందే" అన్నాను గోడ ఇవతల నుంచి.
"కాదు, కమేలియాల్లో ఇదో రకం. దీని వాలే అంత" అంది.

నేను పడవల వడ్రంగిని.
యాభై రెండేళ్లు ఓక్ చెక్కని ఆవిరిలో ఉడికించి
అది ఒప్పుకోని వంపులోకి వంచినవాణ్ణి.
మొక్కై వంగనిది మానై వంగదని తెలుసు గానీ
మొక్కప్పుడే ఇంతలా వంగినదాన్ని
ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు.
కర్ర తెచ్చాను.
విరిగిన తెడ్డు పిడి, ఉప్పుకి తెల్లబడినది.
దొసిందా పాత మేజోళ్లతో మూడు చోట్ల కట్టాను.
తను చూస్తూ ఊరుకుంది.
సార్డీన్ల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు నిలబడి
చేపల తలలు కోసిన మనిషి,
ఊరుకోవడం తనకి బాగా వచ్చు.

మిగతా పనంతా తనదే.
తూర్పు వైపు వద్దంది. మంచు పట్టిన మొగ్గకి
పొద్దుటెండ తగిలితే మాడిపోతుందట.
రాతికాళ్ల ధాన్యపు కొట్టు వెనక,
చెస్ట్‌నట్ ఆకులు కుళ్లిన మట్టిలో నాటింది,
కుండీలో ఎంత లోతుందో అంతే, వేలెడు కూడా ఎక్కువ కాదు.
మెడ దాకా పూడిస్తే ఏది బతుకుతుంది, అంది.
మొదట్లో పైన్ బెరడు పరిచింది.
కుళాయి నీళ్లలో సున్నముందని
కప్పు మీంచి జారే వానని పీపాల్లో పట్టింది.
మాకు వానకి కరువా!

ఆగస్టులో మాత్రం పీపా తడితే మోగుతుంది.
రాబోయే వసంతం మొగ్గలు ఆ ఎండలోనే పోసుకుంటాయని
నాకు తెలియదు.
రెండో ఆగస్టులో తను నడుం కోసం ఆసుపత్రికి పోతూ
నీళ్లు నన్ను పొయ్యమంది.
రెండు రోజులు మర్చిపోయాను.
నాలుగు. సరే, నాలుగు.

మార్చిలో మొగ్గలన్నీ గోధుమరంగు తిరిగి
విప్పుకోకుండానే రాలాయి.
తను ఏమీ అనలేదు. లెక్కపెట్టింది.
ముప్పై ఏడు.
తర్వాత, డాక్టరిచ్చిన ఇనుప పట్టీల బెల్టు,
చలికాలమంతా కట్టుకున్నది, విప్పి
కోళ్లగూటి మేకుకి తగిలించింది.
కత్తెర తెచ్చి మేజోళ్లు మూడూ కోసింది.
చప్పుడేం కాలేదు.
కొమ్మలు వెంటనే పడలేదు కూడా,
నిలబడి నిలబడి అలవాటు కదా.
గురువారానికి ఒకటి దిగింది.
వాన వచ్చిన రాత్రి మిగతావి.
తెడ్డు పిడి ఒక్కటే నిటారుగా మిగిలింది
వెర్రిమొహం వేసుకుని.

ఇప్పుడది నా భుజం దాకా ఎక్కి
అక్కణ్ణుంచి నేల దాకా జారుతుంది, ఏడాది పొడుగునా ఆకుతో.
ఏడ్చే చెట్టంటారు ఊళ్లో.
ఏడుపు నేను చూశాను,
పడవ తిరిగిరాని ఇళ్లలో.
దానికింత పచ్చదనం ఉండదు.

మొన్న పూసింది.
నిలబడితే నాకు వీపులే కనిపించాయి.
"బాగున్నాయి" అన్నాను, అబద్ధం.
దొసిందా అప్పటికే కింద, తన నడుం వంగిన ఎత్తులో,
ఒక్కో పువ్వు మొహంలోకి చూస్తూ కదులుతోంది
చర్చి బయట అందరినీ పలకరించినట్టు.
నాకు మోకాళ్లు ఒప్పుకోవు.
అయినా దిగాను. తడి బెరడు, చీమలు, పాంటుకి బురద.
తలెత్తాను.

తెలుపు, అంచున గులాబీ.
మధ్యలో పసుపు పుప్పొడి, అందులో మునిగి ఒక తేనెటీగ,
వాన చుక్క పడని పొడి చోటు.
ఎంతసేపున్నానో.
ఈ పువ్వు రేకులుగా రాలదు, మొత్తంగా దిగుతుంది.
ఒకటి నా టోపీ మీద పడితే గానీ లేవాలని గుర్తు రాలేదు.

ఆసరా కోసం చెయ్యి చాపితే
తెడ్డు పిడి తగిలింది.
"ఇంకా పీకలేదేం ఇది?" అన్నాను.
"చిక్కుడు పాకుతుందని" అంది దొసిందా,
ఆకుల అవతల నుంచి.